విత్తనాల కోసం మంత్రి బయ్యప్ప ఇంటికి

మా తాలూకాలో బెంగుళూరు పోయివచ్చిన వాళ్ళకు కొదవ లేదు. ఎవడు పోయినా లాల్‌బాగులో గాజు ఇల్లు చూశానని, కబ్బన్ పార్కులో బ్యాండు విన్నానని చెప్పి పోని వాళ్ళను కుళ్ళబెడతాడు. నేనూ పోయివచ్చాను. గాజు ఇల్లు చూడలేదు, బ్యాండు వినలేదు. మేము ఓట్లేసి గెలిపించిన మా ఊరి మంత్రిని చూసి వచ్చాను. చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. దుకాణంలో ఉప్పు అడిగిన వాళ్ళకు బెల్లం కట్టి ఇస్తున్నానని మా ఆవిడ తిడుతోంది. అందుకే ఇదంతా రాసి కాస్త తేలికపడదామని కూర్చున్నాను.

ఊళ్ళో

శ్రీనివాసపురం దగ్గర మా పల్లెలో రాగులు పాతరల్లో దాస్తారు. నేలలో మనిషిలోతున గొయ్యి తవ్వి, గోడలకు పేడ మెత్తి, రాగులు నింపి, మూతికి బండ వేసి, పైన మన్ను కప్పేస్తారు. పైన నడిచేవాడికి కింద ధాన్యం ఉందని తెలియదు. ఎన్నేళ్ళయినా పురుగు పట్టదు. విత్తనం మాత్రం అందులో వేయరు. విత్తనానికి గాలి తగలాలి. బూడిద, ఎండు వేపాకు కలిపి, మూటగట్టి అటక మీద పెడతారు. ఇది మా తాతల నాటి పద్ధతి.

పాతర తెరిచిన వెంటనే దిగితే లోపలి గాలికి మనిషి చచ్చిపోతాడు. దీపం దించి చూసి, అది ఆరకపోతే దిగాలి. మూతి ఇరుకు గనక సన్నటివాళ్ళే దూరగలరు. ఇప్పటి మంత్రి బయ్యప్ప చిన్నప్పుడు రివటలా ఉండేవాడు. కలరాలో అమ్మానాన్నలు పోతే మేనత్త అక్కమ్మవ్వ వాణ్ణి సాకింది. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పాతర తీసినా వాణ్ణే పిలిచి దించేవాళ్ళు. కూలికింద వచ్చిన రాగులు అమ్మి అవ్వ వాడి బడి ఫీజు కట్టేది. వాడు కోలారులో ఉచిత హాస్టల్లో చదివాడు, ప్లీడరయ్యాడు, రైతుల దావాలు రాగుల మూట తీసుకొని వాదించాడు, జెండా పట్టుకొని జైలుకు పోయాడు, దగ్గు తెచ్చుకొని తిరిగొచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చి, ప్రజల ప్రభుత్వం వచ్చి, ఓట్లు పెట్టినప్పుడు నేనే గడపగడపకూ తిరిగాను. "మన పాతరల్లో దిగి పెరిగినవాడు, మన కడుపు సంగతి వీడికి తెలిసినట్టు ఇంకెవడికి తెలుస్తుంది?" అన్నది నా సొంత మాట. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది.

బయ్యప్ప మంత్రి అయ్యాడు. అదీ ధాన్యం వ్యవహారాలు చూసే మంత్రి. ఊరంతా పండగ చేసుకున్నాం. ఈ వేసవిలో, సర్కారుకు కట్టాల్సిన ధాన్యం వసూలు చేసే లెవీ అధికారులు జీపులో దిగారు. ఎవరినీ అడగలేదు, ఏ ఇల్లూ వెతకలేదు. గడ్డపారలు పట్టుకొని తిన్నగా ఒక్కొక్క పాతర మీదికే నడిచారు. చింతచెట్టు వెనక ఉన్నదానికీ, పశువుల కొట్టం కింద ఉన్నదానికీ దారి వాళ్ళకు నా కంటే బాగా తెలుసు. గింజ లేకుండా ఊడ్చుకుపోయారు. ఆ ఊడ్పులో విత్తనం కూడా పోయింది. అది పాతరలోకి ఎలా వచ్చిందో ముందు ముందు చెబుతాను.

మొదటి వాన పడింది. నేల దున్ని పెట్టుకున్నారు, చల్లడానికి గింజ లేదు. ఆ కాస్త అదను దాటితే ఏడాది పస్తు. ఊరి పటేలును వెళ్ళి అడగమంటే ఆయనకు తాలూకా అధికారి అమల్దారు పేరు చెబితేనే చలిజ్వరం. "ఓట్లు అడిగింది నువ్వు గదా శెట్టీ, విత్తనమూ నువ్వే అడుక్కొని రా" అన్నారు ఊరివాళ్ళు. అక్కమ్మవ్వ ఇంట్లో అడుగూబొడుగూ వెతికి ఒక చిన్న మూటెడు వేయించిన రాగిపిండి చేసింది, మేనల్లుడికి ఇష్టమని. అలా ఇద్దరం బయలుదేరాం.

కాడుగోడి

శ్రీనివాసపురంలో చిన్నరైలెక్కి, బౌరింగుపేటలో దిగి పెద్దరైలెక్కాం. చిన్నరైలు సంగతి చెప్పక్కర్లేదు, దిగి పక్కన నడిచినా దానికంటే ముందే చేరతాం. పెద్దరైల్లో మాలూరు దగ్గర ఒక గర్భిణి ఎక్కింది. పాపం నిండు నెలలని నేను లేచి చోటిచ్చాను. ఆమె ముఖం అటు తిప్పుకొని కూర్చుంది.

కాడుగోడి దగ్గర బండి ఆగగానే ఖాకీ చొక్కాల వాళ్ళు పెట్టెలోకి ఎక్కారు. ఊళ్ళ నుంచి పట్నంలోకి గింజ పోకూడదట, పిండి పోకూడదట, అంతా సర్కారు చేతి మీదుగానే పోవాలట. అందరి మూటలూ విప్పించారు. అవ్వ మూట విప్పి వాసన చూశాడు ఒకాయన.

"ఇదేమవ్వా?"

"మా బయ్యన్నకప్పా. మంత్రి బయ్యప్ప. నాకి మేనల్లుడు."

ఆయన పకపకా నవ్వాడు. "నిన్న ఒకామె మహారాజుకి పిన్నమ్మనని చెప్పె. పోనీలే, నువ్వు మంత్రితోనే సరిపెట్టుకొంటివి."

నేను అడ్డం పోయి నిజమేనని ఎంత చెప్పినా వినలేదు. ఆ పిండిని ప్లాట్‌ఫారం మీద ఉన్న పెద్ద డబ్బాలో కుమ్మరించాడు. అందులో అప్పటికే ఎవరిదో బియ్యం, ఎవరివో ఉలవలు, ఎవరివో కందులు కలిసి ఉన్నాయి. అవ్వకు పిండి పోయిందనే బాధ కంటే, తినే వస్తువును అలా కలగాపులగం చేశారన్నదే పెద్ద దెబ్బ. "ఆ కలిపింది ఎవురికి పనికొస్తాదప్పా?" అని కిటికీలోంచి అడుగుతూనే ఉంది.

బండి కదిలాక గర్భిణి లేచి, చీర కుచ్చెళ్ళు సడలించి, నడుముకు కట్టుకున్న బియ్యం సంచి విప్పి ఒళ్ళో పెట్టుకుంది. నిట్టూర్చి, "ఇంట్లో ముగ్గురు పిల్లలప్పా" అంది నాతో. నేను చోటిచ్చింది బియ్యానికి. తిట్టాలో నవ్వాలో తెలియక అలాగే నిలబడి పట్నం చేరాను.

చిక్కపేట

స్టేషన్ నుంచి చిక్కపేటకు జట్కావాడు ఎనిమిదణాలన్నాడు. మా ఊళ్ళో ఎనిమిదణాలకు ఎద్దులతో సహా బండి రోజంతా తిరుగుతుంది. నా గుండె ఆగినంత పనైంది. ఆకలి మీద హోటల్లో కాఫీ తాగితే అది బెల్లం కాఫీ. చక్కెర లేదట. పట్నంలో అంతా దొరుకుతుందని చెప్పిన వాళ్ళను తలుచుకొని తలుచుకొని తిట్టుకున్నాను.

నా తోడల్లుడు రంగయ్యకు చిక్కపేటలో చీరల కొట్టుంది. వాళ్ళు మూడు తరాలుగా అక్కడే. ఆ వీధులు ఎంత ఇరుకంటే ఎదురుగా బట్టల మూటలు మోసే హమాలీ వస్తే మనం ఏదో ఒక కొట్టులోకి ఎక్కాల్సిందే. ఎక్కితే కొట్టువాడు ఊరుకోడు, చీర విప్పి చూపిస్తాడు. ఆ ఒక్క వీధి దాటేలోపు నేను మూడు చీరలకు బేరమాడాను. ఒక సందు మొదట్లో రేషను కొట్టు ముందు సంచులు పట్టుకొని నిలబడ్డ ఆడవాళ్ళ వరస మలుపు తిరిగి కనపడకుండా పోయింది. జాతర అనుకున్నాను. ఆ వరసలో మా మరదలు సావిత్రి కూడా ఉంది.

"తెల్లారి నుంచి ఇక్కడే ఉండాను బావా" అంది. "ఇంటికి పోండి, ఆయన ఉండాడు. నా వంతు ఇంకేం వచ్చేసింది."

ఆమె వచ్చి, వండి, పెట్టేసరికి నా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. రాగి ముద్ద, ఉలవచారు. ముద్ద కొంచెం చేదుగా అనిపించింది. అయినా ఒక ముద్ద పూర్తిచేసి రెండోదాంట్లో సగంలో ఉన్నాను. ఊరుకోకుండా, "ఏం సావిత్రీ, పట్నంలో రాగులు కూడా చేదేనా?" అని వేళాకోళమాడాను.

"ఏం చెప్పేది బావా! రేషను రాగులు. బూడిద కలిపి ఇస్తారు, తూకం రావాలని. ఈ మాటు ఆకు కూడా కలిపినారు దరిద్రులు. జల్లించి జల్లించి నా చేతులు పడిపోయినాయి." జల్లెడ తెచ్చి చూపించింది.

అక్కమ్మవ్వ తన ముద్ద ఇంకా ముట్టలేదు. జల్లెడలో చెయ్యి పెట్టింది. బూడిద వేళ్ళ మధ్య నలిపింది. ఎండాకు ఒకటి తీసి చూసింది. వేపాకు.

"ఇది మోసం కాదమ్మా" అంది. "ఇది విత్తనం."

మిగతావాళ్ళకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ ముద్ద మా ఊరిదో, మా పక్క ఊరిదో నాకు తెలియదు. ఎవరో ఒక రైతు వచ్చే ఏటి పంటను నేను ఉలవచారులో ముంచుకొని, చేదుగా ఉందని వంక పెట్టి మరీ తిన్నాను. లేచి చెయ్యి కడుక్కున్నాను. అవ్వ మాత్రం తన ముద్దను సావిత్రి పిల్లలకు పెట్టింది. "వండిందాన్ని పారేస్తే ఇంకా పాపం" అంది.

మంత్రిగారి బంగళా

మర్నాడు పొద్దున బంగళాకు పోయాం. గేటు దగ్గర తుపాకీ జవాను. మా ఊళ్ళో ఏ ఇంటికి పోయినా "ఎవరింట్లో" అని కేకేస్తే చాలు. ఇక్కడ పేరు చెప్పాలి, పని చెప్పాలి, చెట్టు కింద కూర్చోవాలి. లోపలికి కబురు పోగానే బయ్యప్ప చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి అత్త కాళ్ళకు మొక్కాడు. జుట్టు నెరిసింది, బుగ్గలు పీక్కుపోయాయి. మంత్రి అయితే ఒళ్ళు చేస్తారనుకునేవాణ్ణి.

"అత్తా, ఎప్పుడొస్తివి? కబురు చేస్తే కారు పంపిందును గదా! ఏం శెట్టీ, బాగుండావా?"

ఆయన భార్య కుర్చీలు వేయించి మజ్జిగ తెచ్చింది. అవ్వ కుర్చీ ఎక్కలేదు, మజ్జిగ ముట్టలేదు. నేల మీదే కూర్చుంది.

"మజ్జిగ తర్వాత తాగుతాను. ముందు ఒక మాట చెప్పు బయ్యన్నా. మన పాతరలు వాళ్ళకి ఎవురు చూపించిరి?"

అది మా ఊరి కరణం పనే అయి ఉంటుందని నేను దారి పొడుగునా చెబుతూ వచ్చాను. కరణాన్ని ఏం చేయించాలో కూడా అనుకొని పెట్టుకున్నాను.

"నేనే అత్తా" అన్నాడు బయ్యప్ప.

మనిషన్నవాడు కాసేపు దాస్తాడు, నీళ్ళు నములుతాడు. ఈయన అదేమీ లేకుండా చెప్పేశాడు.

"ఈ ఊళ్ళో వరసలు చూస్తివి గదా. ఒక పొద్దు నేను ఆ వరస పక్కన పోతా ఉండా. ఒక ఆడమనిషి నిలబడిన తావనే కూలిపోయె. చంకలో బిడ్డ ఉండాది. మళ్ళా లేయలేదు. గోదాములు ఊడ్పిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అప్పుడు మన పక్క పాతరలు తలపుకొచ్చె. చిన్నప్పుడు నేను దిగినవన్నీ కూర్చొని చెప్తిని. సగం తీసుకోండి, సగం ఇండ్లోళ్ళకి వదిలేయండి అంటిని."

"సగమా? అడుగుదాకా గీకిరి నాయనా. విత్తనం కూడా పాయె."

బయ్యప్ప ముఖం తెల్లబోయింది. "విత్తనమా? విత్తనం పాతరలో యాడుంటాది? అటక మీద గదా ఉండేది! విత్తనాన్ని నేల కింద పెట్టకూడదని నువ్వే గదా నాకి చెప్పింది?"

అక్కమ్మవ్వ మజ్జిగ గ్లాసు పక్కకు జరిపింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఇండ్లు సోదా చేస్తారని ముందు దండోరా వేసిరి. అటక మీద ఉంటే పోతాదని భయపడితిమి. మూటలన్నీ పాతరల్లోకి దించితిమి. మన బయ్యన్న మంత్రిగా ఉండాడు, పాతర జోలికి ఎవురొస్తారులే అనుకొంటిమి."

బయ్యప్ప వచ్చి ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. కరణం కోసం దాచుకున్న తిట్లు ఇక్కడ ఎవరికీ సరిపోవు. ఆయనకు మా పద్ధతి తెలుసు గనకనే పాతరలు చూపించాడు. మాకు ఆయన మీద నమ్మకం ఉంది గనకనే పద్ధతి తప్పాం.

బొమ్మనహళ్ళి

"మూటలు మూటలుగానే ఉంటే ఇంకా దొరకవచ్చు" అని బయ్యప్ప లేచాడు. మా ఇద్దరినీ కారులో ఎక్కించుకొని హోసూరు రోడ్డు మీద బొమ్మనహళ్ళికి తీసుకుపోయాడు. అక్కడ పొలాల మధ్య ఒక రేకుల కొట్టాన్ని గోదాముగా వాడుతున్నారు. కారెక్కడం నాకు అదే మొదలు. ఎలా ఉంటుందో చదివేవాళ్ళకు చెప్పాలని ఉన్నా, ఆ దారిలో నేను కిటికీలోంచి ఏమీ చూడలేదు.

గోదాము తలుపు తీయగానే పులిసిన వాసన ముక్కు పగలగొట్టింది. మూటలు లేవు. అన్ని ఊళ్ళ రాగులూ ఒకే గుట్టగా పోసేశారు. పైన రేకు ఎగిరిపోయిన చోట నుంచి మొదటి వాన నేరుగా గుట్ట మీద కురిసింది. ఆ వైపంతా తెల్లగా మొలకలెత్తి, మొలక మీద మొలక పడి కుళ్ళుతోంది. మా పొలాలు గింజ కోసం నోరు తెరుచుకొని ఉంటే ఇక్కడ రేకుల కింద పంట పండుతోంది. కాపలావాడు చేతులు కట్టుకొని, రేకు కోసం అర్జీ పెట్టామని చెప్పాడు. వినేందుకు అక్కడ ఎవరికీ ఓపిక లేదు.

బయ్యప్ప ఒక గుప్పెడు మొలకలు తీసి పట్టుకున్నాడు. దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక, "ఇంక నేను ఈ పనిలో ఉండేదానికి లేదత్తా. ఈ పొద్దే రాజీనామా ఇస్తాను" అన్నాడు.

"ఇయ్యి నాయనా" అంది అక్కమ్మవ్వ. "దాన్ని చల్లితే మొలుస్తాదా?"

నేను అదిరిపడ్డాను. డెబ్బయ్యేళ్ళ ఆడమనిషి, కొడుకులా పెంచుకున్నవాణ్ణి, అదీ మంత్రిని, కాపలావాడి ముందర అంత మాట అంది. బయ్యప్ప మాత్రం నొచ్చుకోలేదు. చేతిలోని మొలకలు గుట్ట మీద పెట్టి, "అయితే ఇంకేం చేయాల, చెప్పు" అని అడిగాడు.

"మన పక్క ఊళ్ళకి రా. ఎవురి దగ్గరైనా మిగిలుంటే నువ్వే అడుగు."

తిరుగు దారి

జవాను లేడు, కారు లేదు. మంత్రి మాతో పాటు మూడో తరగతిలో కూర్చున్నాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. బౌరింగుపేటలో నేను దోసెలు కొనిస్తే వద్దనకుండా తిన్నాడు. "ఊళ్ళో నా గురించి ఏమనుకొంటా ఉండారు శెట్టీ?" అని అడిగాడు. "నేనేమనుకుంటున్నానో అడగండి, అదే చాలా పెద్దది" అన్నాను. శ్రీనివాసపురంలో దిగి నడక పట్టాం.

మా ఊరికి ముందు దిన్నెమీదపల్లె ఉంది. అక్కడా లెవీవాళ్ళు తవ్వారు, పాత పాతరలు రెండే దొరికాయి. కొత్తవి బయ్యప్ప చదువుకు పోయిన తర్వాత తవ్వినవి, ఆయన ఎరగడు. వాటిలో విత్తనం కూడా ఉందని మాకు గుసగుసగా తెలుసు. మిట్టమధ్యాహ్నం ఆ ఊరి పెద్ద చిన్నప్ప ఇంటి ముందు నిలబడ్డాం. మంత్రిని చూడగానే అరుగుల మీది వాళ్ళు లేచి లోపలికి పోయి తలుపులేసుకున్నారు. ఓట్లప్పుడు ఇదే వీధిలో ఆయన మెడలో దండలు వేసి ఊరేగించారు. డప్పు వాయించిన వాళ్ళలో నేనొకణ్ణి. తలుపులు పడుతున్న చప్పుడు వింటూ ఆయన అలాగే నిలబడ్డాడు.

చిన్నప్ప ఒక్కడే బయటికొచ్చాడు. బయ్యప్ప చేతులు జోడించాడు.

"చిన్నప్పా, నా వల్ల మా ఊళ్ళో విత్తనం పాయె. చల్లుకొనేంత మాత్రం ఇప్పించండి. పంట రాగానే ఒకటికి రెండు ఇస్తారు."

"విత్తనం లేదనేదానికి నోరు రాదు స్వామీ" అన్నాడు చిన్నప్ప. "రైతు రైతుకి విత్తనం లేదని చెప్పకూడదు. అక్కమ్మక్క అడిగితే ఇప్పుడే తీస్తాము. మీరుండారే, అదీ బాధ."

"నేనెవురికీ చెప్పను."

"చెప్పకుంటే ఎట్ల స్వామీ? మీరు మంత్రి. చూస్తే చెప్పాల్సొస్తాది. పట్నంలో ఆకలితో పడిపోతా ఉండారంట, పోయొచ్చినోళ్ళు చెప్పిరి. రేపు ఇంకొకామె పడిపోతే మీకి మా పాతర తలపుకి రాదా?"

బయ్యప్ప అబద్ధం ఆడతాడేమో, రానేరాదని ఒట్టు వేస్తాడేమోనని నేను ఎదురుచూశాను. ఒట్టు వేయలేదు. భుజం మీది ఖద్దరు కండువా తీశాడు, మడత పెట్టాడు, తన కళ్ళకు తానే గట్టిగా కట్టుకున్నాడు. చిన్నప్ప ఇంటి గోడ తడుముకుంటూ పోయి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నలుగురు గడ్డపారలు తెచ్చారు. పాతర ఆయన వీపు వెనక పది అడుగుల దూరంలోనే ఉంది. బండ లేపారు, దీపం దించారు, ఆరలేదు. ఒక సన్నటి మనిషి లోపలికి దిగాడు. మూటలు పైకొచ్చాయి. అవ్వ ఒక మూట విప్పి, బూడిద ఊది, గింజ నోట్లో వేసుకొని కొరికి, మంచిదేనని తల ఊపింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. విత్తనం బండికెత్తారు, బండ మూశారు, మన్ను కప్పారు, పైన పేడనీళ్ళు చల్లారు. చల్లినవి ఆరేదాకా కూడా ఆగాం.

అంతసేపూ మా మంత్రి ఎండలో గోడవైపు తిరిగి కూర్చునే ఉన్నాడు. కండువా ఆయన విప్పలేదు. విప్పమని మేమెవ్వరం అనలేదు. అక్కమ్మవ్వ పోయి చెయ్యి పట్టుకొని లేపి, బండి దాకా నడిపించి, ఊరు దాటేవరకూ ఆ కట్టు అలాగే ఉండనిచ్చింది.